టీవీలో చెప్పిన ఆకలి

“మా అమ్మ ఏ లగ్గంల ఎంగిలాకులు ఎత్తిందే? ఆ ఊరి పేరు చెప్పు. నేనే పోయి అడిగొస్త.”

అమరేందర్ గొంతు వీధి మలుపుదాకా వినిపిస్తోంది. చీకటితోనే నార్కట్‌పల్లిలో బయలుదేరి, తల్లిని వెంటబెట్టుకుని, తొమ్మిది గంటలకల్లా కొత్తకోటలో చెల్లెలి వాకిట్లో దిగాడు. దిగినవాడు చెప్పులు విప్పలేదు, కూర్చోలేదు. మంజులత అందించిన మంచినీళ్ల చెంబు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

“అన్నా, జర మెల్లగ...”

“మెల్లగనా? నువ్వు టీవీల మెల్లగ చెప్పినవా? నిన్న బత్తాయిల మార్కెట్ల ఒకడు నా భుజం మీద చెయ్యేసి, ‘చిన్నప్పుడు మస్తు కష్టపడ్డరంట గద, ఎంగిలి మెతుకులు తిని పెరిగిన్రంట గద’ అంటున్నడు. ఏం చెప్పాలె వానికి? మాకు తోట ఉండె, నాలుగు బర్లు ఉండె, మా చెల్లె అబద్ధం చెప్పింది అని చెప్పాల్నా?”

సుగుణమ్మ మంచం అంచున కూర్చుని ఉంది. కొంగు కొసను వేలికి చుట్టుకుంటోంది, విప్పుకుంటోంది. “అమ్మా” అని మంజులత రెండుసార్లు పిలిస్తే రెండుసార్లూ గోడవైపే చూసింది.

“నువ్వు ముందుగాల కూసో బావా,” అన్నాడు మంజులత భర్త హనుమంతు. ఆ పొద్దున అతడి వ్యానుకు జడ్చర్ల కిరాయి ఉండింది. పోలేదు. “కూసోని మాట్లాడుకుందం.”

“ఏం మాట్లాడుతం హనుమంతూ? నీ పెండ్లాం గట్ల చెప్పబోతాందని నీకు తెల్వదా?”

“నా తోడు, తెల్వదు. అందరితోని పాటు నేను గూడ టీవీ ముంగట కూసోనే ఇన్న. మీ ఇంట్ల గట్ల జరిగిందేమో, నాతోని చెప్పలేకపోయిందేమో అనుకున్న. పాపం అనిపిచ్చింది.”

“పాపమా!” అమరేందర్ మంచం కోడును ఒక్క తన్ను తన్నాడు. సుగుణమ్మ ఉలిక్కిపడింది. “మొన్న ఆ టీవీ పిల్ల మా అమ్మకు ఫోన్ చేసింది. ఏం అడిగిందో తెలుసా? ‘అమ్మగారూ, మీరు ఆ ఎంగిలన్నం ఎండబెట్టిన జాగా ఇంకా ఉందా, మేమొచ్చి వీడియో తీసుకుంటాం’ అని. అమ్మ ఫోన్ పట్టుకొని గట్లనే నిలబడ్డది. రెండు దినాల సంది బువ్వ సక్కగ తింటలేదు.”

వంటింటి గడప దగ్గర మంజులత అత్త బక్కమ్మ చింతపండులో గింజలు ఏరుతోంది. ఇంత రభస జరుగుతున్నా తల ఎత్తలేదు. గింజ తీసి పక్కన పెట్టడం, ఇంకో రెబ్బ అందుకోవడం. ఆరు రోజులుగా ఆమె ఇంతే. పోయిన ఆదివారం నుంచి కోడలితో ఒక్క మాట లేదు. కోడలు వండింది తినడం లేదు. తన గిన్నెలో తానే ఇన్ని అటుకులు నానబెట్టుకుని, దొడ్లో కూర్చుని తింటోంది.

ఆ వాకిట్లో ఉన్న ఐదుగురిలో నిజం తెలిసినవాళ్లు ఇద్దరే. ఒకరు చింతగింజలు తీస్తున్నారు. ఇంకొకరు నీళ్ల చెంబు పట్టుకుని నిలబడ్డారు.

“చెప్పు చెల్లె. ఎందుకు చెప్పినవ్?”

మంజులత గడపవైపు చూసింది.

“మూడు గంటలకు ఆ టీవీవాళ్లు వస్తరట గద,” అన్నాడు అమరేందర్. “వాళ్ల ముంగట చెప్పాలె నువ్వు. మా అమ్మ గసువంటి పని ఎన్నడు చెయ్యలేదని చెప్పాలె. అమ్మ ఈడనే ఉంటది. నేనుంటే నా నోరు ఊకోదు. పొద్దుమీకి వచ్చి తీస్కపోత. చెప్పకపోతే ఇంక నువ్వు మా ఇంటికి రావొద్దు, మేము మీ ఇంటికి రాము.”

కారు తలుపు దభాలున పడింది.

*

రెండేళ్లుగా ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ‘గరిటె కిరీటం’ తప్పేది కాదు. బస్టాండు పక్కన మంజులత నడిపే కర్రీ పాయింటుకు ఆ పూట సెలవు. అత్తాకోడళ్లిద్దరూ అన్నాలు తిని టీవీ ముందు చేరేవారు. బక్కమ్మకు ఆ వంటల పోటీ అంటే ప్రాణం. దాన్ని తిట్టడమంటే ఇంకా ప్రాణం.

“ఆ కూర ఉడకనే లేదు, మస్తుగున్నదంటున్నడు సూడు వాడు,” అని జడ్జీల మీద విరుచుకుపడేది. “పళ్లెంల గంతేనా పెట్టేది? మనిషికా, పిట్టకా?” అనేది. కానీ గడియారం ముల్లు ఆఖరి నిమిషంలోకి వస్తే మాత్రం మోకాళ్ల మీద ముందుకు జరిగి, ఎన్నడూ చూడని ఆడమనిషి కోసం “దించు బిడ్డా, దించు, మాడుతాంది!” అని కేకలు పెట్టేది.

“నువ్వు పోరాదు?” అని ముందు అన్నది కూడా ఆమే. “వీళ్లకన్న నీ చెయ్యేమన్న తక్కువనా?”

అలాంటి ఒక ఆదివారమే, తెరమీద ఎవరో ఇంట్లో నూనె లేని రోజుల గురించి చెబుతూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే, బక్కమ్మ నవ్వింది. నవ్వి, ప్రకటనలు వచ్చే సమయంలో, మామూలు గొంతుతో చెప్పింది.

హనుమంతుకు అప్పుడు ఆరేళ్లు. ఆ ఏడు చెరువు ఎండింది. మామ పుణె దిక్కు కాల్వ పనికి పోయాడు. నాలుగు నెలలైనా మనిషి రాలేదు, ఉత్తరం రాలేదు. పెద్దింట్లో పెళ్లయితే బక్కమ్మ గిన్నెలు తోమడానికి పోయింది. గంగాళం అడుగున మిగిలిన అన్నాన్ని అడిగి మూటగట్టుకుని తెచ్చింది. ఒక్కనాడు తింటే అయిపోతుందని మిద్దె మీద ఎండబెట్టింది. పక్కింటివాళ్లు అడిగితే వడియాలని చెప్పింది. ఆ ఎండన్నాన్ని నలిపి, పుంటికూర వేసి, నెల రోజులు చిక్కటి జావలా గటక కాచి కొడుకును బతికించుకుంది.

“గిది హనుమంతుకు గూడ తెల్వది,” అంది. “నీ కడుపులనే ఉండాలె.”

“ఉంటది అత్తమ్మా,” అంది మంజులత. ఆ మాట అన్నప్పుడు అత్త చేతిమీద చెయ్యి కూడా వేసింది. అది ఇప్పుడు గుర్తొస్తే ఆ చెయ్యిని ఎక్కడ దాచుకోవాలో తెలియడం లేదు.

హైదరాబాదులో ఆ స్టూడియో ఆమెకు నచ్చింది. నచ్చలేదని చెబితే అది ఇంకో అబద్ధమవుతుంది. వరుసగా మెరిసే పొయ్యిలు, కడిగిపెట్టిన కూరగాయలు, గుండెమీద తన పేరు కుట్టిన బట్ట. అందరూ ‘మంజులతగారూ’ అన్నారు. పదిహేనేళ్లుగా ఆమె వంట తిన్నవాళ్లు ఉప్పు తగ్గిన రోజే నోరు తెరిచారు. అక్కడ ఒక పెద్దమనిషి కళ్లు మూసుకుని ముద్ద నమిలి, కాసేపు ఆగి, “వెల్లుల్లి రెండుసార్లు వేశారు కదమ్మా, ఒకసారి ముందు, ఒకసారి దించేముందు?” అన్నాడు. అవును, వేసింది. ఎప్పుడూ అలాగే వేస్తుంది. ఎవరైనా కనిపెడతారని ఆమె అనుకోలేదు.

మూడో వారంలో పూజ అనే అమ్మాయి ఆమెను పక్కకు తీసుకుపోయింది. చేతిలో కాగితాల అట్ట, చెవిలో వైరు, నిద్రలేని కళ్లు.

“మీ వంట బాగుంది మేడమ్. కానీ మీకు కథ లేదు. కథ లేనివాళ్లు ఈ వారం వెళ్లిపోతారు. చిన్నప్పుడు ఇంట్లో ఏదైనా కష్టం?”

మంజులత వెతుక్కుంది. బత్తాయి తోట, పాడి, గొంతెమ్మ కోరికలు తీర్చిన నాయిన. ఏ మూల వెతికినా టీవీకి పనికొచ్చే కష్టం దొరకలేదు. నోటిదాకా వచ్చింది ఒక్కటే. “మా అత్తమ్మ” అనబోయి, “మా అమ్మ” అంది.

అత్త గుట్టు కాపాడటానికే అలా మార్చానని ఆరు రోజులుగా తనకు తానే చెప్పుకుంటోంది. రోజూ ఒకసారి నమ్ముతుంది. మళ్లీ నమ్మదు.

“అడిగి తెచ్చిందంటే అంత తగలదు మేడమ్,” అంది పూజ, రాసుకుంటూ. “ఎంగిలాకుల్లోంచి ఏరి తెచ్చిందనండి.”

అంది. దీపాల వెలుగులో నిలబడి ఆ మాట అంది. కన్నీళ్లు నిజంగానే వచ్చాయి. జడ్జీలు లేచి నిలబడ్డారు. ఎండన్నానికి సమయం లేదని బాస్మతి అన్నాన్ని యంత్రంలో ఆరబెట్టారు. పదేపదే షూటింగ్ చేయడంలో గటక చల్లబడి గడ్డకట్టింది. ఒక్కరూ రెండో ముద్ద తినలేదు. అయినా ఆ వారం అన్నిటికన్నా ఎక్కువ మార్కులు దానికే వచ్చాయి. ఆఖరి ముగ్గురిలో ఆమె ఒకతె అయింది.

ఆదివారం నాడు చుట్టుపక్కల ఆడవాళ్లంతా వచ్చి టీవీ ముందు కూర్చున్నారు. బక్కమ్మ అందరికన్నా ముందు కూర్చుంది. కోడలి నోట గటక మాట రాగానే ఆమె వీపు నిటారైంది. ‘ఎంగిలాకుల్లోంచి’ అన్నప్పుడు లేచింది. ఎవరితోనూ ఏమీ అనకుండా దొడ్లోకి పోయింది. వెనక చప్పట్లు మోగుతున్నాయి. టీవీలోనూ, ఇంట్లోనూ.

*

అన్న పోయాక మంజులత వంటింట్లోకి వచ్చింది. బక్కమ్మ గింజలు తీసిన చింతపండును జాడీలోకి అదుముతోంది.

“అత్తమ్మా.”

అదుముతూనే ఉంది.

“మా అన్న ఏం అడుగుతున్నడో ఇన్నవ్ గద. నేను అబద్ధం చెప్పిన్నని అందరి ముంగట చెప్త. నాకేం లేదు. గని, మరి ఎవలదే ఆ ముచ్చట అని అడుగుతరు. అప్పుడు నేనేం చెప్పాలె?”

జాడీకి మూత పడింది.

“నీ పేరు తియ్య. నేను కల్పించిన అని చెప్త. గట్ల చెప్పమంటవా? నువ్వు ఎట్ల అంటే గట్ల. ఒక్క మాట చెప్పు అత్తమ్మా. తిట్టు. కొట్టు.”

బక్కమ్మ జాడీ ఎత్తి చెక్క అలమారలో పెట్టింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. కోడలు దారికి అడ్డంగా నిలబడి ఉంది. ఆమె తప్పుకునేదాకా, నేల చూస్తూ ఆగింది. తిట్టి ఉంటే బాగుండేది. మంజులత పక్కకు జరిగింది.

వాకిట్లో సుగుణమ్మ అలాగే కూర్చుని ఉంది. మంజులత తల్లి కాళ్ల దగ్గర కూలబడింది.

“చాయ్ చల్లారింది అమ్మా. మళ్ల పెట్టాల్నా?”

“నీకు నేనేం తక్కువ చేసిన బిడ్డా?” అంది సుగుణమ్మ. కోపం లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. “రెండు దినాల సంది గదే యాది చేసుకుంటున్న. ఎన్నడన్న నిన్ను ఆకలితోని పండబెట్టిన్నా? బడి నుంచి వస్తే నీకు పాలమీగడ దాచకపోయిన్నా? నాకు యాదికి లేనిది ఏమన్న ఉన్నదా?”

“లేదమ్మా. ఏం లేదు.”

“మరి గదే చెప్పకపోయినవా? మా అమ్మ కడుపునిండ పెట్టి పెంచింది అని. దానికి సప్పట్లు కొట్టరా?”

మంజులతకు ఆ స్టూడియో గుర్తొచ్చింది. కడుపునిండా తిని పెరిగినవాళ్లు మొదటి రెండు వారాల్లోనే సంచులు సర్దుకుని పోయారు.

“కొట్టరమ్మా,” అంది.

సుగుణమ్మ చాలాసేపు కూతురి తల మీద చూపు నిలిపింది. తర్వాత చెయ్యి కూడా అక్కడే పెట్టింది.

“సరే తియ్యి. ఆ పిల్ల వస్తే నేనే చెప్త. నేను తెచ్చిన్ననే చెప్త.”

“అమ్మా!”

“మీ అన్న అన్నట్టు ఇప్పుడు అబద్ధమని చెప్తే నీ మొకం ఏం గావాలె? నీ దుకాణానికి ఎవలొస్తరు? నేను ఎంత కాలం ఉంటనని నాకు ఇజ్జత్. అనుకుంటే అనుకోనియ్.”

“వద్దమ్మా. నా తోడు, వద్దు.”

“ఊకో. ఎట్ల ఎండబెట్టాల్నో అదొక్కటి చెప్పు. నేనెన్నడు ఎండబెట్టలే.”

మంజులత లేచి దొడ్లోకి పరుగెత్తింది. కొళాయి విప్పి ముఖం కడుక్కుంది. ఎంతసేపు కడుక్కుందో తెలియదు. వెనకనుంచి హనుమంతు వచ్చి కొళాయి కట్టేశాడు.

“నిజం చెప్పు. నువ్వు ఊకెనే కల్పించే మనిషివి గాదు. పదిహేనేండ్ల సంది చూస్తున్న. ఎవలదా ముచ్చట?”

“నన్ను అడగకు.”

“మొగుణ్ణి నేను అడగొద్దా?”

“నువ్వే అడగొద్దు,” అంది మంజులత.

*

మూడు గంటలకు కాదు, రెండున్నరకే తెల్లటి బండి వచ్చి ఆగింది. పూజ దిగింది, కెమెరా మనిషి దిగాడు. హైవే మీద ఏదో హోటల్లో కట్టించుకొచ్చిన అన్నం పొట్లం కూడా దిగింది.

“మేడమ్, మేం ఆరులోపల తిరిగి బయలుదేరాలి. మంగళవారం ఫైనల్. దానికి ముందు ఒక మూడు నిమిషాల ముక్క కావాలి. అమ్మగారు అన్నం ఎండబెడతారు, మీరు పక్కన కూర్చుని చూస్తుంటారు. అంతే.” సుగుణమ్మ మెడలోని పుస్తెలతాడు చూసి పూజ కొంచెం నసిగింది. “అమ్మా, ఆ గొలుసు కాసేపు లోపల పెట్టుకుంటారా? ఏమీ అనుకోకండి.”

సుగుణమ్మ గొలుసును జాకెట్టులోకి దోపుకుంది.

“పూజగారూ, మీతో ఒక మాట చెప్పాలె,” అంది మంజులత.

“కెమెరా ముందు చెప్పండి మేడమ్. రెండుసార్లు చెబితే మొదటిసారి ఉన్న ఊపు పోతుంది.” ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. “మీ ఎపిసోడ్ వల్లే నన్ను ఇంకా పనిలో ఉంచుకున్నారు. కొంచెం సాయం చేయండి.”

వాకిట్లో పాత చీర పరిచారు. సుగుణమ్మ దాని ముందు కూర్చుంది. కెమెరా మీద చిన్న దీపం ఎర్రగా వెలిగింది. ఆమె పొట్లం విప్పి అన్నాన్ని చీర నడిమధ్య కుప్పగా పోసింది. తర్వాత ఏం చేయాలో తెలియలేదు. పిల్లకు జోకొడుతున్నట్టు అరచేత్తో ఆ కుప్పను తట్టింది. కూతురివైపు చూసింది. మళ్లీ తట్టింది.

మంజులత కళ్లు దించుకుంది.

“గట్ల గాదు వదినె.”

అందరూ తలలు తిప్పారు. బక్కమ్మ గడప దాటి వస్తోంది. వచ్చి, వియ్యపురాలి పక్కన చతికిలబడి, ఆమె చేతిని మెల్లగా పక్కకు పెట్టింది.

“గట్ల కుప్ప పోస్తే లోపల పులుస్తది. నీళ్లతోని చెయ్యి తడుపుకోవాలె. మెతుకుకు మెతుకు తాకొద్దు.” వేళ్లు విప్పి అన్నాన్ని దూరదూరంగా జరుపుతూ పోయింది. “పొద్దు వాలినంక నీడ వస్తది చూడు, అప్పుడు చీరనే గుంజాలె. బువ్వను ముట్టొద్దు.”

ఆ వేళ్లు చూసుకోకుండానే కదులుతున్నాయి. ఒక్క మెతుకు నలగలేదు. పూజ ఊపిరి బిగబట్టి ఒక అడుగు ముందుకు వేసింది.

“అమ్మా, మీకెలా తెలుసు ఇది?”

బక్కమ్మ ఇంకో వరుస మెతుకులు జరిపింది.

మంజులత లేచి కెమెరాకు ఎదురుగా వచ్చింది.

“నేను అబద్ధం చెప్పిన,” అంది. “గీమె మా అమ్మ. సుగుణమ్మ. నన్ను ఒక్కపూట గూడ పస్తు పెట్టలే. ఏ లగ్గంల ఎవలింటికి బువ్వకు పోలే. నేను గెలవాలని చెప్పిన. ఆమె తప్పు ఏం లేదు.”

సుగుణమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“మరి ఆ కథ ఎవరిది మేడమ్?”

“అది నేను చెప్పేది గాదు.”

“ఎవరిదో చెప్పకపోతే మొత్తం అబద్ధమే అనుకుంటారు జనం.”

“అనుకోనియ్.”

రోడ్డు మీద లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది.

“నాది,” అంది బక్కమ్మ.

తల ఎత్తలేదు. చివరి వరుస మెతుకులు సర్దుతూనే చెప్పింది.

“నేనే తెచ్చిన. గిన్నెలు తోమనీకి పోయి తెచ్చిన. ఎంగిలి గాదు. గంగాళంల మిగిలింది. ఆ ఇంటామెను అడిగిన, ఆమె పెట్టింది, నేను తెచ్చుకున్న. నా కొడుక్కు నేను ఎంగిలి పెట్టలే.”

గుమ్మంలో హనుమంతు చేతిలోని బండి తాళాలు కింద పడ్డాయి.

“అమ్మా,” అన్నాడు. “మిద్దె మీద వడియాలంటివి గద. నేను ఒక్క గుప్పెడు నోట్ల ఏసుకుంటె ఈపు పగిలేటట్టు కొట్టినవ్.”

“కొట్టిన,” అంది బక్కమ్మ. “గా గుప్పెడు రేపటిది.”

హనుమంతు గుమ్మం పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. మంజులతకు అటు పోవాలో, ఇటు పోవాలో తెలియలేదు. ఇద్దరిలో ఎవరి దగ్గరికి పోయే ముఖమూ తనకు లేదనిపించింది.

పూజ కళ్లు మెరుస్తున్నాయి. నిజంగానే తడి కూడా ఉంది ఆ కళ్లలో. “అద్భుతం అమ్మా. ఒక్కసారి మళ్లీ చెబుతారా? గుమ్మంలో వెలుతురు సరిగా లేదు, అన్నగారి ముఖం పడలేదు. మీరు చెప్పగానే ఆయన లేచి వచ్చి మీ పక్కన...”

“ఒక్కసారే చెప్త. చెప్పిన.”

“సరే, అది వద్దు. మీ కోడల్ని దగ్గరికి తీసుకుని, క్షమించానని ఒక్క మాట. అది చాలు. ఫైనల్ దాంతోనే మొదలవుతుంది.”

బక్కమ్మ లేచి నిలబడింది. ఆరు రోజుల్లో మొదటిసారి కోడలి ముఖంలోకి సూటిగా చూసింది. మంజులతకు ఆ చూపుముందు నిలబడటం కష్టమైంది. అయినా నిలబడింది.

“మాఫ్ జేసిన్నని ఎవలు చెప్పిన్రు నీకు?” అని పూజను అడిగి, ఆమె వంటింట్లోకి పోయింది.

కెమెరా మనిషి సామాను సర్దుకోవడం మొదలుపెట్టాడు. పూజ ఎవరికో ఫోన్ చేసి, “వచ్చింది సార్, మనం అనుకున్నదానికన్నా పెద్దది వచ్చింది,” అంటోంది.

ఆ మాట చెవిన పడగానే మంజులత ఒక్క అంగలో గేటు దగ్గరికి పోయింది. రెక్కలు దగ్గరికి లాగి, గడియ పెట్టి, వీపు ఆనించి నిలబడింది.

“మా అత్తమ్మ చెప్పింది తుడిచెయ్యిన్రి. నాది ఉంచుకోన్రి, నన్ను ఎట్లనన్న చూపెట్టుకోన్రి. ఆమెది తుడిచెయ్యిన్రి. అప్పటిదాంక గేటు తియ్య.”

“మేడమ్, అది నా చేతుల్లో లేదు. మీరు సంతకం పెట్టారు.”

“నేను పెట్టిన. ఆమె పెట్టలే.”

“గేటు తియ్, మంజులా.”

బక్కమ్మ మళ్లీ గడపలో ఉంది. ఆ నోట తన పేరు విని ఆరు రోజులైంది.

“వద్దు అత్తమ్మా. గిది టీవీల వస్తే రేపు బజార్ల ఏమంటరో నీకు తెల్వదు.”

“ఎంగిలి అని నువ్వు చెప్పింది అందరు ఇన్నరు. ఎంగిలి గాదని నేను చెప్పింది గూడ ఇననియ్.” ఆమె గొంతు పెంచలేదు. “ఆనాడు నన్ను అడగకుంట చెప్పినవ్. ఇయ్యాల నన్ను అడగకుంటనే తుడుపుమంటున్నవ్.”

మంజులత వీపు గేటు మీదనుంచి కదిలింది. చెయ్యి గడియ మీదికి పోయింది. దాని మీద ఇంకో చెయ్యి పడింది, గట్టిగా. హనుమంతు ఎప్పుడు లేచి వచ్చాడో ఆమె చూడలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“తియ్యకు,” అన్నాడు. “మా అమ్మ కష్టం నలుగుట్ల పెట్టనియ్య. తీసినవంటే నేను ఈ ఇంట్ల ఉండ.”

“తియ్,” అంది గడపలోంచి బక్కమ్మ.

వాళ్ల ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసి, పూజ చప్పుడు చేయకుండా వేలెత్తి సైగ చేసింది. కెమెరా మనిషి సంచిలో పెట్టిన కెమెరాను మళ్లీ భుజానికెత్తుకున్నాడు.